పిట్ట ముట్టని సినిమా

గోదావరి ఒడ్డున ఇసుకలో విస్తరి పరిచి గంటన్నర అయింది. కాకులు వచ్చాయి. చూశాయి. తుమ్మచెట్టెక్కి కూర్చున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

శ్యాంసుందర్ పోయి ఐదో రోజు. విస్తట్లో అతనికి ఇష్టమైనవన్నీ ఉన్నాయి. మటన్, ఉడికిన గుడ్డు, సర్వపిండి, ఒక సిగరెట్, మూత తీసిన క్వార్టర్ సీసా. పిట్ట ముట్టేదాకా, అంటే కాకి వచ్చి విస్తట్లోది తినేదాకా, ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. తల్లి బుచ్చవ్వ పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు. ఆమెకు షుగరుంది. కూర్చున్నచోటే తల వాలుతోంది.

"వానికేదో కోరిక మిగిలింది," అన్నాడు మేనమామ కొమురెల్లి. "గదేందో ఎరుక చేసుకొని మాటియ్యిన్రి. అప్పుడు ముడుతది."

భార్య వినోద దండం పెట్టింది. "పిల్లను మంచిగ చదివిస్త. ముట్టయ్యా."

కాకి మెడ అటు తిప్పుకుంది.

"రేకులు తీసేసి స్లాబ్ ఏపిస్తం రా అల్లుడా!" అన్నాడు కొమురెల్లి. మనిషి ఆత్మకు ఇంతకు మించిన కోరిక ఉండదని ఆయన నమ్మకం.

కాకి రెట్ట వేసింది.

"మామా, వాని కోరిక మాకెరుక," అంటూ సాయిచంద్ ముందుకొచ్చాడు. అతను మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్. అంతకంటే పెద్ద హోదా ఇంకోటుంది. 'భైరవమూర్తి వీరాభిమానులు, లక్సెట్టిపేట' అనే వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. గ్రూపులో సభ్యులు ముగ్గురు. సాయిచంద్, లక్ష్మణ్, శ్యాంసుందర్. పోయినవాణ్ని ఇంకా తీసెయ్యలేదు. పెద్దకర్మ కాకముందే తీసేస్తే బాగుండదని.

భైరవమూర్తి మామూలు డైరెక్టర్ కాదు. హీరోకు పేరు పెట్టడు. ఫైట్ మధ్యలో కరెంటు పోయిందని ఐదు నిమిషాలు తెర చీకటి చేస్తాడు. పదకొండు సినిమాలు తీస్తే రెండు ఆడాయి. ఆ రెండూ తనకు నచ్చలేదని ఆయనే చెప్పాడు.

ఆయన సినిమాల్లో 'గొడుగులో వాన' అన్నిటికంటే గొప్పదని శ్యాంసుందర్ పన్నెండేళ్లు వాదించాడు. అన్నిటికంటే చెత్త అదేనని మిగతా ఇద్దరూ పన్నెండేళ్లు వాదించారు.

"ఒప్పుకోవాలె మనం. వాడు గందుకే ముడుతలేడు," అన్నాడు సాయిచంద్.

లక్ష్మణ్ చటుక్కున లేచాడు. "ఒప్పుకుందాం. జల్ది నడువు."

లక్ష్మణ్ ఎడమచేతికి కట్టు ఉంది. నాలుగు రోజుల కింద మంచిర్యాలలో ఆ సినిమానే మళ్లీ వేస్తే, శ్యాంసుందర్ బండి మీద ఇద్దరూ మ్యాట్నీకి వెళ్లారు. దారి పొడుగునా ఎట్లా వాదించుకున్నారో, తిరిగొస్తూ కూడా అట్లాగే వాదించుకున్నారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప మీదికి బండి ఎక్కింది. శ్యాంసుందర్ అక్కడికక్కడే పోయాడు. తాగి నడిపాడని పోలీసులు రాసుకున్నారు. ఊరూ అదే అంది. లక్ష్మణ్‌ది మాత్రం అదృష్టం అంది.

సాయిచంద్ విస్తరి ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అరేయ్ శ్యామూ! 'గొడుగులో వాన' మంచి సినిమానే రా." ఆగాడు. "ఫస్టాఫ్ వరకు."

కాకి కదల్లేదు.

"సగం సగం ఒప్పుకుంటే ఎట్ల ముడుతది బే?" అన్నాడు లక్ష్మణ్.

"సెకండాఫ్ల హీరో గంటసేపు గొడుగు ఆరబెడతడు బై! గది గొప్పదని నేనెట్ల అంట? మనస్సాక్షి అనేది ఒకటుంటది గద."

"దోస్తు పోయి ఐదొద్దులైతున్నా నీకు మనస్సాక్షేనా? 'ఇనుప తమలపాకు'కు పోయి నిద్రపోయినోనివి, నువ్వు కూడ మాట్లాడవట్టినవ్!"

"నిద్ర గాదు. కండ్లు మూసుకొని సౌండ్ విన్న. గా సినిమాకు సౌండే ప్రాణం."

"గురక కూడ సౌండేనా?"

కొమురెల్లికి విసుగొచ్చింది. "గింతకూ గా గొడుగు సినిమా కతేందిరా?"

"ఒకడు ఒక మాట చెప్పాలనుకుంటడు మామా," అన్నాడు సాయిచంద్. "సినిమా ఒడిసేదాక చెప్పడు."

"థూ! గందుకే పిట్ట ముడుతలేదు."

బుచ్చవ్వ కళ్లు తెరవకుండానే గొణిగింది. "నా కొడుకును తాగుబోతని రాసిన్రు. గా పేరు మోసుకొని బువ్వ ఎట్ల తింటడు?"

"రాసింది రాసిన్రు. ఇంక మారదక్కా," అన్నాడు కొమురెల్లి. మళ్లీ స్లాబ్ సంగతి ఎత్తాడు. ఈసారి పైన ఇంకో గది కూడా కలిపాడు.

బుచ్చవ్వ పక్కకు ఒరిగిపోయింది. వినోద పట్టుకుంది. నీళ్లు తాగించబోతే ముసలామె పళ్లు బిగబట్టింది.

"లక్ష్మణన్నా! ఏదో ఒకటి చెప్పే! అత్తమ్మ పానం పోయేటట్టుంది!"

లక్ష్మణ్ అందరినీ దూరం జరగమన్నాడు. ఒక్కడే వెళ్లి విస్తరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి, మెల్లగా ఒక్క మాట చెప్పాడు.

అతను లేచి పది అడుగులు వెయ్యకముందే కాకి దిగింది. మటన్ ముక్క నోట కరుచుకుంది. దాని వెనక ఇంకో నాలుగు దిగాయి.

"ముట్టింది! ముట్టింది!" అని కొమురెల్లి కేకేశాడు. బుచ్చవ్వ పెదవులు విడివడ్డాయి. వినోద ఆమె నోట్లో నీళ్లు పోసింది.

"ఏమన్నవ్‌రా?" అన్నాడు సాయిచంద్.

లక్ష్మణ్ మోకాళ్లకంటిన ఇసుక దులుపుకున్నాడు. "'గొడుగులో వాన'ను మించిన సినిమా లేదన్న. సెకండాఫ్‌తోని సహా."

"జూసినవా! నేను చెప్పలే?" సాయిచంద్ ఫోన్ తీసి ఆ తీర్పును గ్రూపులో పెట్టాడు. ఒక్క టిక్కే పడింది.

బుచ్చవ్వ లక్ష్మణ్ తల నిమిరింది. "సల్లగ బతుకు కొడుకా. నా బిడ్డ కడుపు నింపినవ్."

విస్తరి ముందు వంగి లక్ష్మణ్ చెప్పిన మాట ఇది: "రేపు ఠాణాకు పోయి, బండి నడిపింది నువ్వు గాదు, నేనని చెప్త, ముట్టురా శ్యామూ."