నేనే నేసిన

"మళ్ల 'మేం నేసినం' అంటివి. నేనే నేసిన అను," అంది భార్య జమ్ములమ్మ.

"నేనే నేసిన," అన్నాడు బాలన్న. చివరి మాట గొంతులోనే ఉండిపోయింది.

"గంత మెల్లగ చెప్తే సావుకారు నమ్ముతడా? చీరకు నోరున్నదా? నువ్వే చెప్పాలె."

రెండో ప్రపంచ యుద్ధం మూలంగా ఆ ఏడు గద్వాలలో నూలు కరువైంది. సావుకారు బాలకిష్టయ్య లెక్క తేల్చుకున్నాడు: ఇక నూలు ఒక్క మగ్గానికే. ఎవరి పనితనం వాళ్లే వచ్చి చెప్పుకోవాలి. దుకాణం కట్టుబాట్లు మాత్రం పాతవే. మగ్గం మగవాడిది, నూలు కండెలు చుట్టడం ఆడవాళ్లది, చీర ఆలస్యమైతే కూలిలో కోత. నూలు దొరకనివాళ్లకు మిగిలేది షోలాపూర్ బట్టల మిల్లులో కూలి. పక్కింటి కురుమూర్తి ఇప్పటికే మూట కట్టుకున్నాడు.

చీర పట్టుకుని దుకాణానికి వెళ్లే దారి పొడుగునా ఆమె నేర్పుతూనే ఉంది. పట్టు అంచు నూలుతో ఎక్కడ కలిసిందో వేలితో తడిమినా తెలియదని చెప్పాలట. అంచులో నేసిన మామిడి పిందెల వెనకవైపు ఒక్క పోగు కూడా వేలాడదని చెప్పాలట. చీరను మాత్రం అతను విప్పకూడదు. సావుకారే విప్పుకుంటే ఆయనకే సరుకు మీద మోజు పుడుతుంది. బాలన్న కుడిచేతిని కండువా కింద పెట్టుకుని, తలూపుతూ నడిచాడు.

దుకాణం మెట్ల దగ్గర ఆగిపోయాడు. "నాకు సిగ్గయితుంది."

"సిగ్గుపడుకుంట షోలాపూర్ పోదమా?"

ఆమె గడప బయటే నిలబడింది.

బాలకిష్టయ్య చీర విప్పి, అంచును వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు. ఎవరైనా సాయం చేశారా అని అడిగాడు.

"లేదు. నేనే నేసిన." ఈసారి గొంతు వణకలేదు.

పిందెలు? నేనే. అంచు అతుకు? అదీ నేనే.

"మరి మీ ఇంటామె ఏం చేస్తది?"

బాలన్న గడప వైపు చూశాడు. జమ్ములమ్మ తలూపింది.

"కండెలు చుడ్తది."

"నయం, అవి గూడ నేనే అనలే," అని సావుకారు నవ్వాడు. నూలు బాలన్నకే అన్నాడు. బయట జమ్ములమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

కాని చీర మడుస్తుండగానే సావుకారు లెక్క మారింది. ఇంత పనిమంతుణ్ణి ఇంటి దగ్గర వదిలేస్తే తనకే నష్టం.

"నూలు ఇంటికి తీస్కపోకు. దుకాణం ఎనక గుంట తవ్విచ్చి మగ్గం పెట్టిస్త. రేపటి సంది నా కండ్ల ముందర నెయ్యి. నలుగురికి నేర్పు."

"ఇంట్లనే నేస్త సావుకారీ," అన్నాడు బాలన్న. కండువాను కుడిచేతి మీదికి ఇంకా లాక్కున్నాడు.

"ఏంది, ఇప్పటిదాక గంత గట్టిగ చెప్తివి. గొంతెటు పోయింది?"

బాలన్న మళ్లీ గడప వైపు చూశాడు. ఈసారి ఆమె తలూపలేదు.

అతని కుడిచేయి పట్టు తప్పినప్పటి నుంచి, ఇంట్లో మూడేళ్లుగా మగ్గం గుంటలో దిగి నేస్తున్నది జమ్ములమ్మే.