బైలప్ప చెప్పులు ఎవరూ ఎత్తుకెళ్లరు

శనిని వదిలించుకోవడానికి ఊళ్లకు ఊళ్లు పావగడ శనేశ్వరుడి గుడికి వస్తాయి. పావగడ తాలూకా క్యాతగానచెర్లు బైలప్ప మాత్రం అదే పనికి బెంగళూరు బస్సెక్కాడు.

బోరు ఎండింది. గొర్రెలకు రోగమొచ్చింది. బండి మీద నుంచి పడి మోచెయ్యి విరిగింది. జోస్యం చెప్పే ఆయన తేల్చేశాడు: "నీ చెప్పులు ఎవరన్నా దొంగతనంగా ఎత్తుకపోవల్లప్పా. పారేస్తే శని పోదు, అమ్మితే పోదు. పెండ్లానికి గూడా చెప్పొద్దు."

బైలప్పవి పచ్చ పట్టీల టైరు చెప్పులు. పావగడ గుడి ముందర విడిచి వస్తే, ఊరివాళ్లే గుర్తుపట్టి బైకు మీద తెచ్చి ఇంట్లో ఇచ్చారు. అందుకే సోలారు కంపెనీకిచ్చిన భూమి బాడిగ రాగానే, మనవరాలు ధనుశ్రీతో చెప్పి బెంగళూరులో ఒక సోకైన హోటల్లో గది బుక్ చేయించాడు. అంత పెద్ద ఊళ్లో దొంగలకు కొదవా?

"పెండ్లైనప్పట్నుంచి నిన్ను యాడికీ పిల్చుకపోలేదు గదా," అన్నాడు భార్య నాగక్కతో. ఆమె మురిసిపోయి పట్టుచీర కట్టింది.

"చేటలన్నీ గోడకు కొట్టినారు. బియ్యం దేంట్లో చెరుగుతారు మామా?" అంది నాగక్క హోటల్లో అడుగుపెడుతూనే, గోడల మీది అలంకారం చూసి. గదిలోని సబ్బుబిళ్లలు సంచిలో వేసుకోబోతే బైలప్ప కసిరాడు.

"మే, హోటలోళ్ల వస్తువు ఒగటి గూడా ముట్టొద్దు. మానం పోతాది."

రాత్రి చెప్పులు గది బయట విడిచాడు. తెల్లారేసరికి అవి శుభ్రంగా కడిగి, వెదురుబుట్టలో, పైన మల్లెపూవుతో వాకిట్లోనే ఉన్నాయి.

మేడ మీద ఈతకొలను పక్కన వదిలేసి వచ్చాడు. మేనేజరు దర్శన్ స్వయంగా పట్టుకొచ్చాడు.

"చేత్తో చేసినవా సార్? ఒక ఫారిన్ ఆవిడ వీటి మీద మనసు పడింది. ఎంతైనా ఇస్తానంటోంది."

"అమ్మేదానికి లే సార్," అన్నాడు బైలప్ప ఏడుపు మొహంతో. నాగక్క ఆ చెప్పుల వంక కొత్తగా చూసింది.

గది ఖాళీ చేసే రోజు, చివరి ఆశగా చెప్పులు తలుపు బయట పెట్టి స్నానానికి వెళ్లాడు. వచ్చి చూస్తే లేవు.

సంగతి తెలిసి దర్శన్‌కు చెమటలు పట్టాయి. "మా హోటల్లో దొంగతనమా? ఇప్పుడే కెమెరాలు చూస్తాను సార్."

బైలప్ప అతని చేతులు పట్టుకున్నాడు. "వద్దు సార్. ఎవురోగానీ, సల్లగా ఉండనీ."

హోటలువాళ్లిచ్చిన తెల్ల గుడ్డ చెప్పులతో రాజాలాగా ఊరి బస్సెక్కాడు. మధుగిరి దాటాక ఇక ఆగలేక నాగక్కకు అంతా చెప్పేశాడు.

"అయితే నన్ను పిల్చుకొచ్చింది దీనికా?"

"అదీ ఇదీ గలిపిలే. మన శని వదిలె. ఎత్తినోళ్ల నెత్తిన కూర్చునింటాది ఇప్పుడు, ఏడున్నరేండ్లు."

"ఏడున్నరేండ్లా?"

"ఒగ దినం గూడా తగ్గదు."

నాగక్క కాసేపు ఒడిలోని సంచి వంక చూసింది. తర్వాత దాన్ని మెల్లగా ఎత్తి మొగుడి ఒడిలో పెట్టింది.

"ఇంద మామా. హోటలోళ్లవి ముట్టొద్దంటివి, ఇవి మనవే గదా, ఆ ఫారినామె ఎత్తుకపోతాదని నేనే దాచిపెడితి."