కుర్చీ బ్యాచ్

సాయంత్రం ఆసనాల్లో పాదాలు తల వెనక నేలకు ఆనగానే డ్రిల్లు మాస్టారి ఛాతీ గర్వంతో పొంగింది. ఆ పొంగులో గడ్డం ఇరుక్కుంది. కాళ్లు వెనక్కి తీసుకోబోతే నడుం కలుక్కుమంది. అంతే, హలాసనంలో మనిషి మడతమంచంలా బిగుసుకుపోయారు.

పక్కగదిలో భార్య ఉంది. ఒక్క పిలుపు చాలు. కానీ పొద్దున్నే పందెం పడింది. నడుం పట్టిందని పిలిస్తే, రేపట్నుంచి ఆయన కూడా ఆవిడతో కుర్చీ బ్యాచ్‌లో చేరాలి. అక్కడ ముసలమ్మలు కుర్చీల్లో కూర్చుని చేతులెత్తి దించుతారు. దొంగలు పోలీసులకు లొంగిపోతున్నట్టుంటుందని వీధంతా చెప్పి నవ్వింది మాస్టారే. వయసు మీదపడ్డాక ఒకరోజు జోరుగా చేస్తే రెండ్రోజులు మెల్లగా చెయ్యాలని యోగా టీచరు నచ్చజెప్పబోతే, తన వాటా మెల్లదనం కూడా ఇంట్లో ఆవిడే చేసేస్తోందన్నారు. ఆవిడకి మాత్రం, ఈ జన్మలో నీ కాలు తల దాటదని తేల్చిచెప్పారు.

"ఏమండీ, అయిందా మీ కుస్తీ?" గోడ అవతల నుంచి భార్య గొంతు, ముక్కు మూసుకుని మాట్లాడినట్టు వినిపించింది. ప్రాణాయామం కాబోలు.

"ఇప్పుడే రుచి తెలుస్తోంది" అన్నారు మోకాళ్ల మధ్య నుంచి.

"కాటికి కాళ్లు చాపే వయసులో నెత్తి మీదుగా చాపడమేంటో."

ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

"పాలు మాడుతున్నాయే. చూడు."

"మీరే పరిగెత్తండి. జోరు బ్యాచ్ కదా."

"మధ్యలో లేవకూడదు."

"మెల్ల బ్యాచ్ వాళ్లు అసలు లేవకూడదు."

పాలు మాడినా చలించని ఆ నిగ్రహానికి మాస్టారికి మొదటిసారి కుర్చీ బ్యాచ్ మీద కాస్త గౌరవం కలిగింది. ఈలోగా కాళ్లు తిమ్మిరెక్కాయి. మెడ తనది కాదన్నట్టుంది. ఇక లాభం లేదు.

"ఏమేవ్, నడుం పట్టేసింది. రేపు నీ పక్కనే నాకూ కుర్చీ వేయించు. ముందొచ్చి నన్ను లేపు."

అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. కనీసం నవ్వు కూడా లేదు. మాస్టారికి నడుం నొప్పికన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

చివరికి ఆఫీసు నుంచి వచ్చిన కోడలు స్టవ్ కట్టేసి, మామగారి కాళ్లు ఒక్కొక్కటే దించి, లేపి గోడకు ఆనించింది. పిలవాల్సింది కదా మామయ్యా అంది.

"పిలిచానమ్మా. మీ అత్తయ్యకి జాలి లేదు. మొగుడు చస్తున్నా ముక్కు వదలదు."

కోడలు పక్కగది తలుపు తోసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ నిగ్రహమేదో తనూ చూద్దామని మాస్టారు వెనకే కుంటుకుంటూ వెళ్లారు.

"ముందు పిలిచింది ఆయనే, పందెం నాదే. ఇప్పుడు నా కాళ్లు కూడా దించమ్మా" అంది భార్య, చెవుల పక్కకు వచ్చేసిన తన మోకాళ్ల మధ్య నుంచి.