డబ్బా అడ్డమొస్తుంది

"రఫియా ఆపా, పొద్దటి నుంచి ఇది ఏడో రొట్టె ఫోటో!"

షహనాజ్ తన ఫోన్ తెచ్చి రఫియా ముక్కు కింద పెట్టింది. షహనాజ్ పై అంతస్తులో ఉంటుంది, పెళ్లిళ్లకు మెహందీ పెడుతుంది. ఫేస్‌బుక్‌లో ఆమె పేజీని నాలుగు వేలమంది చూస్తారు. ఆ ధీమా ఆమె మాటలో ఉంది.

"ఏడు పెడితే తప్పేంది? అమ్ముడుపోవాలె కదా" అంది రఫియా, పిండి చేతులు తుడుచుకుంటూ.

"రొట్టెలు పోవు, జనాలు పోతరు. ఫోన్ తెరిస్తే నీ రొట్టె, మూసి మల్ల తెరిస్తే నీ రొట్టె. ఇప్పుడే నేను గూడ నీ పేజీ కనబడకుండ చేసుకున్న, తెలుసా?"

రఫియాకు ముఖం మీద కొట్టినట్టయింది.

"ఇగ ఈ ఫోటోలేంది? శుక్రవారం లైన్ల నిలబడ్డోళ్లను తీసి వారమంతా పెడుతున్నవ్. రొట్టెకంటే మగోళ్లే ఎక్కువున్నరు. వీడు చూడు, ముక్కు గోక్కుంటున్నడు. దీన్ని చూసి ఎవరికన్నా ఆకలైతదా? వారానికి ఒక్కటి పెట్టు. రొట్టె, మీద ఉల్లిగడ్డ, పక్కన పచ్చిమిర్చి. మనుషులు మాఫీ, ఒక్కరు గూడ వద్దు. ఖలాస్."

చెప్పి మెట్లెక్కి పోయింది.

రఫియా రొట్టెల కౌంటర్ గల్ఫ్‌లో, ఏషియన్ టౌన్ వెనుక సందులో ఉంది. శుక్రవారం సెలవునాడు స్టేడియం పనివాళ్లు క్యాంప్ బస్సులు దిగి అక్కడికి వస్తారు. వాళ్లకు జొన్న రొట్టె, వంకాయ కూర. పేజీకి మూడు వందలమంది ఉన్నారు, కౌంటర్‌కు నలభైమంది కూడా రారు. మిగతావాళ్లంతా ఎవరో, ఏం తిని బతుకుతున్నారో ఆమెకు అర్థం కాదు. అందులోనూ మమత అని ఒకతె. ఫోటో పెట్టిన నిమిషంలో చూస్తుంది. ఏనాడూ ఒక్క రొట్టె అడగలేదు. కింద మాత్రం ప్రతిసారీ ఒకటే రాస్తుంది: "డబ్బా అడ్డమొస్తుంది. జర పక్కకు పెట్టుండ్రి."

రొట్టెల డబ్బా అడ్డమట! రొట్టెలమ్మేది రొట్టెల డబ్బా చూపించక ఇంకేం చూపిస్తుంది?

"ఈ శుక్రవారం చూస్త, రఫియా" అన్నాడు భర్త ఇక్రాముద్దీన్ ఆ సాయంత్రం, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే. "వరల్డ్ కప్ అయ్యేదాక, ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉందామనుకున్నం. నా ఒక్కని జీతంతోని ఇద్దరం ఈడ ఉండలేం. కౌంటర్ నడవకుంటే నువ్వు మల్ల మన ఊరు బోధన్ పోవుడే."

రఫియా ఆయనతో ఏడేళ్లు ఫోన్‌లోనే కాపురం చేసిన మనిషి. మళ్లీ ఆ బతుకు బతకడం ఆమె వల్ల కాదు. షహనాజ్ చెప్పినట్టే చేసింది. మనుషులున్న ఫోటోలన్నీ తీసేసి, ఒక్క రొట్టె, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పెట్టింది. చూడముచ్చటగా ఉంది.

శుక్రవారం పొద్దుటికి పేజీ నుంచి నూట పదిమంది పోయారు. మమత కూడా పోయింది.

కౌంటర్ దగ్గరా అదే తంతు. లైన్ మొదట్లోనే భూమేష్ నిలబడ్డాడు. నీలం అంగీ, కత్తిలాంటి ఇస్త్రీ, తడి ఆరని తల. స్టేడియంలో ఇనుప చువ్వలు కట్టే మనిషి, వారం వారం పెళ్లికొడుకులా వచ్చి, సరిగ్గా డబ్బా వెనకే నిలబడి, రెండు రొట్టెలు చుట్టించుకుని పోతాడు.

"మేడం, ఇయ్యాల ఫోటో తియ్యరా?"

"తియ్య. చూసేటోళ్లకు చిరాకట."

"మరి వచ్చే శుక్రవారం?"

"వచ్చే శుక్రవారం లేదు, ఆపై శుక్రవారం లేదు! రొట్టె కావాల్నా వద్దా, భయ్యా? ఎనుక లైన్ ఉన్నది."

భూమేష్ రొట్టెల వంక కషాయం గిన్నెను చూసినట్టు చూశాడు. "వద్దు మేడం" అని తప్పుకున్నాడు. అతని వెనక ఇంకో పదిమంది, రఫియా చేతిలో ఫోన్ లేకపోవడం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు.

మధ్యాహ్నానికి డబ్బా నిండుగానే ఇల్లు చేరింది. ఇక్రాముద్దీన్ మూత ఎత్తి చూశాడు, మూశాడు. కోపం లేదు, తిట్టు లేదు. మంచం మీద కూర్చుని ఫోన్‌లో హైదరాబాద్ టికెట్ వెతకడం మొదలుపెట్టాడు.

రఫియాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట చూపించడానికి ఎవరో ఒకరు కావాలి. మమత దొరికింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఆమెకు వాయిస్ మెసేజ్‌లో అరిచింది.

"మమతమ్మా! ఎక్కువ పెడితే ఎక్కువంటరు, తక్కువ పెడితే ఎల్లిపోతరు. డబ్బా అడ్డమన్నవు, ఇప్పుడు డబ్బనే తీసేసిన. ఇంకేం కావాలె నీకు? ఏనాడన్నా ఒక్క రొట్టె కొన్నవా? నా రొట్టెల ఏం తప్పున్నదో చెప్పు!"

రెండు నిమిషాల్లో జవాబు మోగింది. పేద్ద కోళ్ల కూత, దాని మధ్య ఒక ఆడమనిషి గొంతు.

"కోపం చెయ్యకు అక్కా. నేను కోరుట్లల ఉంట, మీ రొట్టె నాకెట్లస్తది? మీ పేజీ చూసేది శానామంది మా దిక్కు ఆడోళ్లమే. గల్ఫ్ పోయిన మా మొగోళ్లు ఎట్లున్నరో మీ లైన్ల చూసుకుంటం. రోజుకు ఏడు గాదు, డెబ్బై పెట్టు."

ఇక్రాముద్దీన్ వేలు టికెట్ మీద ఆగిపోయింది.

"నీలం అంగీ ఏసుకొని డబ్బా ఎనుక నిలబడుతడు, ఆయన మా ఆయన. నాతోని కొట్లాడి ఆర్నెల్లాయె, ఫోన్ చెయ్యడు, నేను చేస్తే ఎత్తడు. మీ పేజీ చూస్తున్ననని మా మరిదితోని చెప్పి పంపినప్పటిసంది శుక్రవారం శుక్రవారం మీ తానికొస్తుండు. అక్కా, ఆయన పుట్టినకాంచి జొన్న రొట్టె ముట్టలే."