మోసే గోడ

సుత్తి దెబ్బకి వంటగది గోడ పెచ్చులూడి తమ్ముడి మొహాన పడ్డాయి.

"దివాలా తీసింది నువ్వు, జప్తు పడింది మనిద్దరి ఇంటిమీద!" తాపీమేస్త్రీ అయిన అన్నయ్య అతని చొక్కా పట్టుకుని గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"నన్ను చంపెయ్ అన్నయ్యా! నీ చేత్తో కట్టిన ఇల్లేం చేసింది?"

జవాబుగా కిటికీ అద్దం భళ్ళుమంది. స్నానాలగది పలకలు ముక్కలయ్యాయి.

"గంటలో కోర్టు ఆఫీసరొస్తాడు, నా సగానికి వెల కట్టడానికి. ఈ వాలకం చూస్తే ఏం రాస్తాడు?"

అన్నయ్య ఆగలేదు. అప్పుడు చూశాడు తమ్ముడు: ఇంత విధ్వంసంలోనూ స్తంభాల మీద, దూలాల కింద ఒక్క గీత పడలేదు.

"అన్నయ్యా, నువ్వు కావాలనే..."

"వాడు రాసిన వెలకి నీ సగం నేను కొనుక్కోవచ్చట. నా దగ్గరున్నదెంతో నీకు తెలుసుగా. పగిలినవి మళ్ళీ నేనే బాగుచేసుకుంటాలే."

"మరి నన్ను కొట్టింది?"

"అది మాత్రం కోపంతోనే."

తమ్ముడు నెత్తురు తుడుచుకుని గునపం అందుకున్నాడు. నడవ గోడ మీదికి ఎత్తాడు.

అన్నయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. "దాని జోలికి పోకురా వెధవా. ఇంటిని మోస్తోంది అదే."