మంద కట్టని చేను

గొర్రెల కాపరి తిప్పన్నను తిమ్మారెడ్డి తన చేని మధ్యకు ఈడ్చుకొచ్చి, మెడ మీద వేటకొడవలి ఆనించాడు.

"ఎదురుపార్టీ చేన్లో మంద కడతావు, నా చేన్లో కట్టవా? గొర్రెల పెంట లేక నా నేల సచ్చిపోతాందిరా!"

"గొర్రె డెక్క తగిల్తే పేల్తాయి రెడ్డీ. మీరు దాయమన్న బాంబులు మా తమ్ముడు గోవిందు ఈ చేన్లోనే పాతిపెట్టినాడు."

"యాడ?"

"వాన్నే అడగాల. పార్టీ మారినాడని మొన్న మీరే నరికిస్తిరి."

తిమ్మారెడ్డి కొడవలి దించాడు. ఎత్తబోయిన కాలు ఎత్తలేదు.

"తిప్పన్నా, మనం ఎట్నుంచి లోపలికొచ్చినాం అప్పా?"

"ముందు మీరు నడవండి రెడ్డీ. మీ అడుగుల్లో నేనొస్తా."