పేరు రాసిన గోతం

"టీ ఏది?" అన్నాడు జాన్ బాషా.

"పాలు లేవు," అంది నసీమున్నీసా.

"అర లీటరు ప్యాకెట్ పొద్దున్నే తెచ్చానుగా!"

"తెచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టకుండా గట్టు మీద పెట్టారు. పిల్లులు కొరికి తాగేశాయి."

"ఇది ఇల్లా, పిల్లుల సత్రమా?"

"నన్నడుగుతారేం? నేను కన్నానా వాటిని?"

ఆ ఇంట్లో తిరిగే ఐదు పిల్లుల్లో వాళ్ళు కోరి పెంచుకున్నది సుల్తాన్ ఒక్కదాన్నే. ఎర్రటి గండుపిల్లి, తోక చివర కొక్కెంలా వంకర. జాన్ బాషాకు అదంటే ప్రాణం. మిగతా నాలుగూ గేటు ముందు దొరికినవే. సాయిబుల ఇంట్లో పిల్లిని కొట్టరని ఊరందరికీ తెలుసు. అందుకే ఎవరింట్లో పిల్లి పిల్లల్ని పెట్టినా, చివరికి అవి నసీమ గుమ్మంలోనే తేలేవి.

"అమ్మీ! మళ్ళీ పెట్టిపోయారు!" గేటు దగ్గర నుంచి కూతురు హీనా కేకేసింది.

గోతంలో మూడు కూనలు ముద్దగా ముడుచుకుని ఉన్నాయి. కళ్ళు తెరిచి వారం కూడా అయినట్టు లేదు. మిరపకాయల గోతమేమో, ఘాటుకు తుమ్ముతున్నాయి. ఒకటి నోరు తెరుస్తోంది గానీ గొంతు పెగలడం లేదు.

"సాయంత్రం దాకా తల్లి పాలు లేకపోతే ఇవి దక్కవు," అంది నసీమ.

"ఇలా తే. హైవే పక్కన పత్తి జిన్నింగు మిల్లులో వదిలేసొస్తా. ఎలుకలుంటాయి, వాటి తిండి అవి చూసుకుంటాయి."

"పాలు తాగే కూనలు ఎలుకల్ని పడతాయా?"

ఆమె గోతం మడత తీసి చూసింది. గుంటూరు మిర్చి యార్డుకు తోలే బస్తాల మీద రైతులు పేరు రాసుకుంటారు. ఎవరో తెలివిగా గోతాన్ని లోపలిది బయటికి తిరగేశారు. పేరు మాత్రం చెరపలేదు. లోపలి వైపు నీలం రంగులో పెద్ద అక్షరాలు: వెంకటనారాయణ.

జాన్ బాషా ముఖం మారిపోయింది. "ఒసేయ్, వద్దు. వాళ్ళ పంటంతా నా ఆటోలోనే తోలుతున్నా. వాళ్ళతో మనకు గొడవొద్దు."

"గొడవేముంది? వాళ్ళ వస్తువు వాళ్ళకిచ్చొస్తా," అని కొంగు బిగించి, గోతం ఎత్తుకుని బయలుదేరింది.

వెంకటనారాయణ భార్య సుబ్బరావమ్మ వరండాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వాళ్ళ మచ్చల పిల్లి అరుచుకుంటూ మంచాల కిందా గాదెల వెనకా వెతుకుతోంది.

"ఏం వదినా, పొద్దున్నే ఇలా వచ్చావు?"

"మీ గోతం దారి తప్పి మా ఇంటికొచ్చింది వదినా."

సుబ్బరావమ్మ తల దించుకుంది. "మా ఆయన పని. అంటే... మీరైతే బాగా చూసుకుంటారని..."

"చూసుకుంటాం. అందుకని మీ పిల్లి కన్నవన్నీ మేమే సాకాలా? ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దు చేసేది మీరు. దాని సంతానాన్ని గోతంలో కుక్కి మా గేటు దగ్గర పడేసేదీ మీరేనా?"

మచ్చల పిల్లి పరుగున వచ్చి గోతంలో తల దూర్చింది. ఒక కూనను మెడ పట్టుకుని మంచం కిందికి మోసుకెళ్ళింది. తిరిగొచ్చి రెండోదాన్నీ తీసుకెళ్ళింది.

"చిలకలూరిపేట పశువుల ఆసుపత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు," అంది నసీమ. "కూనలు పాలు మానగానే తీసుకెళ్ళండి. ఇంకోసారి గోతం వచ్చిందా, మీ పేరు కనబడేటట్టు పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆరేస్తా. మా ఆయన కిరాయి పోయినా సరే."

"అట్టాగే తీసుకెళ్తాం. మాదే తప్పు," అంది సుబ్బరావమ్మ. తర్వాత మిగిలిన కూనను తీసి నసీమ చేతిలో పెట్టింది. "నువ్వు కూడా దీన్ని ఒకసారి సరిగ్గా చూడు వదినా."

నసీమ చూసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. కూనను మంచం కింద తల్లి దగ్గర పెట్టి, మిగతా రెండింటినీ వంగి చూసి ఇంటికి వచ్చేసింది.

జుమ్మా నమాజు అయ్యాక ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. చేపల పులుసు. జాన్ బాషా తన కంచంలోని తలకాయను సుల్తాన్‌కు వేశాడు. "తినరా పులీ! వీధిలో నీకు ఎదురెవడు?"

"రేపు పొద్దున ఆటోకు కిరాయి ఒప్పుకోకండి," అంది నసీమ. "పిల్లిని పేటకు తీసుకెళ్ళాలి. డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడాను. ఆపరేషన్ రేపే."

"శభాష్! వెంకటనారాయణ గారిని ఒప్పించావన్నమాట. వాళ్ళ పిల్లికి మన ఆటో ఎందుకనుకో... సర్లే, పోనీ."

"వాళ్ళ పిల్లికి ఇప్పుడే కాదు. కూనలు పాలు మానేదాకా ఆగాలన్నారు."

"మరి రేపు దేనికి?"

నసీమ ఇంకో గరిటె పులుసు ఆయన కంచంలో వడ్డించింది.

"మూడు కూనలకీ తోక చివర కొక్కెమేనండీ. రేపు వాటి నాన్నకి."